చెలియలికట్ట కదిలిన జాడలు

తెలుగులో 'చెలియలికట్ట' అనే అందమైన మాట ఒకటి ఉన్నది. సముద్రం దాటి రాని హద్దు అని దాని అర్థం. సంస్కృతంలో దీనిని 'వేల' అన్నారు. హద్దు మీరి పొంగే ఆనందాన్ని 'ఉద్వేలం' అనడం ఆ మాటనుండి వచ్చినదే. రాజు గాంభీర్యాన్ని వర్ణించవలసి వచ్చినప్పుడు ప్రాచీన కవులు అతనిని ఎంత పొంగినా వేలను అతిక్రమించని సముద్రంతో పోల్చారు. మనిషి తన జీవితకాలంలో చూడగలిగినంతవరకు ఈ పోలిక చక్కగా అమరుతుంది. అయితే వేల ఏండ్ల లెక్కలో చూస్తే ఆ హద్దు నిలకడగా లేదు. చెలియలికట్ట ఒకప్పుడు నేటి తీరానికి ఎంతో దూరంలో, లోతైన నీటి అడుగున ఉండేది. మరొకప్పుడు నేటి తీరాన్ని దాటి లోపలికి వచ్చింది. ఈ రాకపోకలకు శాసనాలు లేవు, తాళపత్రాలు లేవు. ఇసుక, బురద, గుల్లలు, రాళ్ళు మాత్రమే సాక్ష్యాలు. ఆ సాక్ష్యాన్ని చదివి, దానికి కాలం నిర్ణయించే విధానమే ఈ పాఠంలోని విషయం.

ఉత్తరాంధ్ర తీరం

ఆంధ్రప్రదేశ్ తీరానికి ఈశాన్యపు కొస శ్రీకాకుళం జిల్లా. ఇచ్ఛాపురం మొదలుకొని దక్షిణానికి సాగే ఈ జిల్లా తీరరేఖ పొడవు సుమారు 193 కిలోమీటర్లు అని చాలాకాలంగా చెప్పుకొంటున్న లెక్క. దానికి దక్షిణాన విజయనగరం జిల్లా తీరం సుమారు 28 కిలోమీటర్లు. ఆ తరువాత గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం, విశాఖ తీరం వస్తాయి. పూర్వం ఇదంతా విశాఖపట్టణం, గంజాం జిల్లాలలో భాగంగా ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడ్డాయి.

పడమట తూర్పుకనుమలు, తూర్పున బంగాళాఖాతం, నడుమ సన్నని మైదానం. ఇదీ ఈ ప్రాంతపు స్వరూపం. కనుమలలో పుట్టిన మహేంద్రతనయ బారువ వద్ద, వంశధార కళింగపట్నం వద్ద, నాగావళి కల్లేపల్లి వద్ద, చంపావతి కోనాడ వద్ద సముద్రాన్ని చేరుతాయి. వీటితోపాటు లెక్కలేనన్ని గెడ్డలు ఉన్నాయి. ఈ నదులు కొండరాళ్ళను అరగదీసి ఇసుకగా మార్చి తీరానికి తెచ్చిపోస్తాయి. కళింగపట్నం, భావనపాడు తీరాలలో అలలు వెనక్కి తగ్గినప్పుడు ఇసుకపై నల్లని, ఎర్రని చారలు కనిపిస్తాయి. నల్లనిది ఇల్మనైట్, ఎర్రనిది గార్నెట్. తూర్పుకనుమల ఖోండలైటు రాళ్ళలోని ఖనిజాలే అవి. కొండ అరిగి ఇసుకయింది. ఇసుక పేరుకొని తీరమయింది.

ఈ తీరాన్ని గమనిస్తే నేల ఒకే మట్టంగా ఉండదు. సముద్రపు ఒడ్డునుండి లోపలికి నడిచే మనిషి ఒక ఇసుక మెరక ఎక్కుతాడు. అది దిగితే ఒక పల్లం వస్తుంది. ఆ పల్లం దాటితే మరొక మెరక. మెరకలపై కొబ్బరి, జీడిమామిడి తోటలు. ఉద్దానం పచ్చదనమంతా ఇటువంటి ఇసుకనేలల మీదిదే. పల్లాలలో నీరు నిలుస్తుంది. సోంపేట ప్రాంతంలో వాటిని బీలలు అంటారు. మరికొన్నిచోట్ల తంపరలు అంటారు. నౌపడ వైపు ఉప్పునీరు ఎక్కే పల్లాలు ఉప్పుమడులయ్యాయి. రైతుకు మెరక తోట, పల్లం పొలం. భూవిజ్ఞాన శాస్త్రవేత్తకు అవి రెండూ పాత సముద్రతీరపు ఆనవాళ్ళు.

సముద్రం ఎందుకు పెరుగుతుంది? ఎందుకు తగ్గుతుంది?

భూమిమీది నీరు మొత్తంగా పెద్దగా మారదు. అయితే అది ఎక్కడ ఉన్నదన్నది మారుతుంది. భూమి చల్లబడిన కాలాలలో సముద్రంనుండి ఆవిరైన నీరు ఉత్తర అమెరికా, ఐరోపా ఖండాల ఉత్తర భాగాలపై మంచుగా కురిసి, కరగకుండా కిలోమీటర్ల మందాన పేరుకొన్నది. ఆ నీరు తిరిగి సముద్రానికి రాలేదు కనుక సముద్రమట్టం తగ్గింది. భూమి వేడెక్కినప్పుడు ఆ మంచు కరిగి సముద్రం మళ్ళీ నిండింది. గడచిన మంచుయుగం తీవ్రంగా ఉన్న కాలం, అంటే నేటికి సుమారు 20,000 ఏండ్ల క్రితం, ప్రపంచ సముద్రమట్టం నేటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది.

ఈ అంకెను ఉత్తరాంధ్ర తీరానికి అన్వయిస్తే ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. భీమిలి, కళింగపట్నం, బారువల ఎదుట నేడు పడవలు తిరిగే నీటికి బదులు పదుల కిలోమీటర్ల వెడల్పున బయలు నేల ఉండేది. దానినే ఖండతీరపు అంచు అంటారు. నదులు ఆ నేలను కోసుకొంటూ ఇంకా ముందుకు ప్రవహించి సముద్రంలో కలిసేవి. తూర్పుతీరం ఎదుట ఈ అంచు వెలుపలి భాగంలో ఊలైట్లు అనే గుండ్రని సున్నపు రేణువులు లభించాయి. అవి వెచ్చని, లోతులేని నీటిలో అలల కదలికకు దొర్లుతూ ఏర్పడేవి. నేడు అంత లోతున అవి ఏర్పడే అవకాశం లేదు. కనుక ఒకప్పుడు అక్కడే అలలు విరిగే ఒడ్డు ఉండేదని అవి తెలుపుతున్నాయి.

మంచు కరగడం మొదలైన తరువాత సముద్రం పెరిగింది. సుమారు 7,000 ఏండ్ల క్రితం నాటికి అది నేటి మట్టానికి దరిదాపులకు చేరింది. భారతదేశపు తీరాలలో కొన్నిచోట్ల అది నేటి మట్టంకన్నా కొంత ఎగువకు వచ్చి తరువాత తగ్గినట్లు సూచనలున్నాయి. పదమూడువేల ఏండ్లలో 120 మీటర్లు అంటే సగటున ఏడాదికి తొమ్మిది మిల్లీమీటర్లు. ఈ అంకెను గుర్తుంచుకోవడం మంచిది. పాఠం చివర దీని అవసరం కలుగుతుంది.

భూస్వరూపాలు చెప్పే సాక్ష్యం

పాత సముద్రమట్టాలకు సాక్ష్యం పలికే ఆనవాళ్ళలో మొదటిది ఇసుక మెరకల వరుస. అలలు తెచ్చిన ఇసుక ఒడ్డున గట్టుగా ఏర్పడుతుంది. గాలి దానిపై మరికొంత ఇసుకను పోస్తుంది. నది కొత్త ఇసుకను తెస్తూనే ఉంటే ఆ గట్టుకు ముందు, సముద్రం వైపు మరొక గట్టు లేస్తుంది. పాతగట్టు లోపల ఉండిపోతుంది. కనుక లోపలి మెరక పెద్దన్న, ఒడ్డుకు దగ్గరిది చిన్నతమ్ముడు. చెట్టు మానులోని వలయాలవలె ఈ మెరకలు తీరం ముందుకు జరిగిన క్రమాన్ని తెలుపుతాయి.

రెండవది, రాతి తీరాలపై అలల కోత. అలలు పదేపదే తాకే మట్టంలో రాయి కోసుకుపోయి అరుగువలె, గాడివలె ఏర్పడుతుంది. అటువంటి అరుగు నేటి అలలకు అందనంత ఎత్తున కనిపిస్తే, ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా వచ్చిందనో, లేక నేలే పైకి లేచిందనో భావించాలి. విశాఖ-భీమిలి తీరంలో మంగమారిపేట వద్ద అలల కోతకు మిగిలిన సహజ శిలాతోరణం ఉన్నది. రాతిపై సముద్రం చేసే పని ఎటువంటిదో విద్యార్థి దానిని చూచి గ్రహించవచ్చును.

మూడవది, మడఅడవుల బురద. మడచెట్లు ఉప్పునీటి పోటుపాట్ల నడుమనే పెరుగుతాయి. ఒకచోట నేలను తవ్వినప్పుడు మడచెట్ల వేళ్ళు, ఆకులు కుళ్ళిన నల్లబురద లోతున కనిపిస్తే, అది ఏర్పడిన నాడు సముద్రమట్టం ఆ బురదకు సమీపంలో ఉన్నదని చెప్పవచ్చును.

నాలుగవది, గుల్లలు. రాతిని కరచుకొని పెరిగే ఆల్చిప్ప ప్రాణమున్నంతకాలం పోటు నీరు అందే మట్టంలోనే బతుకుతుంది. అది రాతికి అతుక్కొన్నదున్నట్లే నేటి పోటుకన్నా ఎత్తున దొరికితే దానికన్నా మంచి సాక్షి లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తీరరేఖ జరగడం వేరు, సముద్రమట్టం మారడం వేరు. వంశధార వంటి నది ఎక్కువ ఇసుకను తెచ్చిపోస్తే సముద్రమట్టం ఒక్క అంగుళమైనా తగ్గకుండానే తీరం ముందుకు జరుగుతుంది. నదికి అడ్డుకట్ట వేసి ఇసుకను ఆపితే సముద్రమట్టం పెరగకుండానే తీరం కోతకు గురవుతుంది. మెరకల వరుసను చూడగానే సముద్రం తగ్గిందని తీర్పు చెప్పేవారు ఈ తేడాను మరచిన వారు.

మంచి సాక్ష్యానికి నాలుగు లక్షణాలు

ఒక గుల్లగాని, ఒక పిడికెడు బురదగాని సముద్రమట్టానికి సాక్ష్యం కావాలంటే నాలుగు సంగతులు తెలియాలి. అది ఎక్కడ దొరికింది? ఎంత ఎత్తున దొరికింది? దాని వయసు ఎంత? అది బతికిన లేదా ఏర్పడిన నాడు సముద్రమట్టానికి ఎంత ఎగువన, ఎంత దిగువన ఉన్నది? ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా సాక్ష్యం నిలవదు.

ఎత్తును కొలవడానికి సగటు సముద్రమట్టం ప్రమాణం. 1909లో భారత సర్వేక్షణ శాఖ దేశమంతటికీ ఎత్తుల ప్రమాణాన్ని స్థిరపరచినప్పుడు ఆధారంగా తీసుకొన్న తొమ్మిది రేవులలో విశాఖపట్టణం ఒకటి. ఈ తీరంలో పోటుకు, పాటుకు నడుమ తేడా పెద్ద పోటుల రోజులలో కూడా సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. ఇది పరిశోధకునికి అనుకూలమైన సంగతి. పోటుపాట్ల తేడా ఎంత తక్కువైతే, ఆల్చిప్ప చెప్పే మట్టంలో పొరపాటుకు చోటు అంత తక్కువ.

ఒక ఉదాహరణను ఊహించవచ్చును. నేటి ఆల్చిప్పలు పెరిగే మట్టంకన్నా రెండు మీటర్ల ఎత్తున, రాతికి అతుక్కొన్న ఒక పాత ఆల్చిప్ప దొరికింది. దాని వయసు 5,000 ఏండ్లని తేలింది. అప్పుడు 5,000 ఏండ్ల క్రితం ఆ చోట సముద్రం నేటికన్నా రెండు మీటర్ల ఎగువన ఉన్నదని, ఆ లెక్కలో పోటుపాట్ల మేరకు అటూ ఇటూ తేడా ఉండవచ్చునని చెప్పాలి. ఆ నేల స్వయంగా పైకి లేవలేదని కూడా రుజువు కావాలి. అదే ఆల్చిప్ప ఇసుకలో విడిగా దొరికితే కథ మారిపోతుంది. తుపాను అల దానిని విసిరివేసి ఉండవచ్చును. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఎంత విధ్వంసం చేసిందో శ్రీకాకుళం జిల్లావాసులకు తెలుసు. అటువంటి తుపానులు వేల ఏండ్లలో ఎన్ని వచ్చాయో ఊహించవచ్చును. లేదా పూర్వపు మనుషులు తిని పారవేసి ఉండవచ్చును. గుల్లసున్నం కాల్చడానికి కుప్ప పోసి ఉండవచ్చును. గుల్ల అబద్ధం చెప్పదు. కాని అది ఎవరి చేతిమీదుగా అక్కడికి చేరిందో అడిగి తెలుసుకోవడం పరిశోధకుని బాధ్యత.

బురదలో గడియారం: కార్బన్-14

వయసు నిర్ణయించే పద్ధతులలో అందరికీ తెలిసినది కార్బన్-14 పద్ధతి. అమెరికాకు చెందిన విల్లార్డ్ లిబ్బీ 1940వ దశకం చివర దీనిని రూపొందించి 1960లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. అంతరిక్షంనుండి వచ్చే కిరణాల తాకిడికి వాతావరణంలోని నత్రజని కొంత కార్బన్-14గా మారుతుంది. చెట్లు దానిని గాలినుండి గ్రహిస్తాయి. చెట్లను తిన్న జంతువులలోకి అది చేరుతుంది. ప్రాణి బతికి ఉన్నంతవరకు తరిగినంత తిరిగి చేరుతూ ఉంటుంది. మరణంతో ఆ రాబడి ఆగిపోతుంది. మిగిలినది నిర్ణీతమైన వేగంతో తరిగిపోతుంది. 5,730 ఏండ్లకు సగం, 11,460 ఏండ్లకు పావువంతు, 17,190 ఏండ్లకు అందులో సగం మిగులుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ప్రాణి మరణించి ఎంతకాలమయిందో తెలుస్తుంది. సుమారు 50,000 ఏండ్లు దాటితే కొలవడానికి మిగిలేది దాదాపు ఉండదు. అక్కడితో ఈ గడియారం ఆగిపోతుంది.

ఈ గడియారానికి కూడా దిద్దుబాట్లు అవసరం. వాతావరణంలో కార్బన్-14 పాళ్ళు అన్ని కాలాలలోను ఒకేవిధంగా లేవు. అందువలన చెట్ల వలయాల వంటి ఇతర ఆధారాలతో పోల్చి అంకెను సరిచేస్తారు. సముద్రపు గుల్లల విషయంలో మరొక చిక్కు ఉన్నది. సముద్రపు లోతులలోని నీరు వందల ఏండ్లపాటు గాలికి దూరంగా ఉండి పైకి వస్తుంది. ఆ నీటినుండి కార్బన్ తీసుకొన్న గుల్ల, నిన్న చనిపోయినదైనా, సుమారు నాలుగు వందల ఏండ్ల ప్రాచీనమైనదిగా కనిపిస్తుంది. ఈ తేడా ప్రాంతాన్నిబట్టి మారుతుంది. దానిని తీసివేయకుండా చెప్పిన వయసు గుల్లది కాదు, అది తాగిన నీటిది.

ఇసుకరేణువు జ్ఞాపకం: కాంతి పద్ధతి

ఇసుక మెరకలో గుల్లలు, ఆకులు లేకపోతే ఏమి చేయాలి? అప్పుడు ఇసుకరేణువునే అడగాలి. నేలలోని యురేనియం, థోరియం, పొటాషియంల నుండి వెలువడే సన్నని వికిరణం ఇసుకలోని క్వార్ట్జ్ స్ఫటికాన్ని ఎల్లప్పుడూ తాకుతూ ఉంటుంది. ఆ శక్తిలో కొంత స్ఫటికంలోని లోపాలలో చిక్కుకొని నిలుస్తుంది. ఎండ తగలగానే ఆ నిలువంతా ఖాళీ అవుతుంది. ఇసుకరేణువు గాలికి ఎగిరి ఎండలో మెరిసి, మరొక ఇసుకపొర కింద కప్పబడిన క్షణంనుండి మళ్ళీ లెక్క మొదలవుతుంది. ప్రయోగశాలలో ఆ రేణువుపై కాంతిని ప్రసరింపజేస్తే దాచుకొన్న శక్తి సన్నని వెలుగుగా బయటికి వస్తుంది. మొత్తం నిలువను ఏడాదికి చేరే మొత్తంతో భాగిస్తే, ఆ రేణువు చీకటిలో గడిపిన ఏండ్లు తెలుస్తాయి.

ఈ పరీక్షకు ఇసుకను పగటివెలుగు సోకకుండా గొట్టాలలో సేకరిస్తారు. ప్రయోగశాలలో మందమైన ఎర్రని వెలుగులో పని చేస్తారు. ఒక్కసారి ఎండ తగిలితే వేల ఏండ్ల జ్ఞాపకం చెరిగిపోతుంది. అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయం వంటి సంస్థలలో ఇటువంటి పరీక్షలు జరుగుతాయి. శ్రీకాకుళం తీరపు ఇసుకకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఇల్మనైటు, గార్నెట్లతోపాటు ఇందులో మోనజైటు కూడా ఉంటుంది. మోనజైటులో థోరియం ఉన్నది. కనుక ఆ రేణువులు పేరుకొన్న పొరలో వికిరణం ఎక్కువ. ఒకచోట కొలిచిన వికిరణాన్ని పది గజాల అవతలి పొరకు అన్వయించి వయసు చెబితే లెక్క తప్పుతుంది. ఏ పొరకు ఆ పొర వద్దనే కొలవాలి.

ఎర్రమట్టి దిబ్బల కథ

ఈ పద్ధతులన్నీ కలిసి పనిచేయవలసిన చోటు ఉత్తరాంధ్రలోనే ఉన్నది. విజయనగరం జిల్లా తీరానికి దక్షిణంగా, విశాఖపట్టణం-భీమునిపట్నం దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. సుమారు ఐదు కిలోమీటర్ల పొడవున వ్యాపించిన ఈ దిబ్బలను వాననీరు లోతైన లోయలుగా కోసింది. ఆ కోతల గోడలలో పొరలు తెరచిన పుస్తకంవలె కనబడతాయి. అడుగున పసుపుపచ్చని ఇసుక. దానిపై గట్టి గుళికలు కలిగిన ఎర్ర గోధుమరంగు పొర. దానిపై ఇటుకరంగు ఇసుక. అన్నిటికన్నా పైన లేత పసుపు ఇసుక.

ఈ ఇసుక ఎక్కడిది? మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయలుపడిన విశాలమైన నేలనుండి గాలి ఇసుకను ఎత్తి తెచ్చి లోపల పోసిందని ప్రధానమైన వివరణ. నదులు, గెడ్డలు కొండలనుండి తెచ్చిన ఇసుకకు కూడా ఇందులో పాత్ర ఉన్నదని మరికొందరు పరిశోధకుల అభిప్రాయం. ఎరుపు మాత్రం తరువాత వచ్చినది. గార్నెట్, ఇల్మనైటు వంటి ఖనిజాలలోని ఇనుము గాలి, నీరు తగిలి తుప్పువలె మారి ప్రతి రేణువుకు పూత పూసింది. దిబ్బల నిర్మాణంలో ప్రధాన ఘట్టాన్ని నేటికి 18,500 నుండి 20,000 ఏండ్ల క్రితానికి చెందినదిగా తరచు పేర్కొంటారు. అంటే సముద్రం అన్నిటికన్నా దిగువన ఉన్న కాలం. దిబ్బలలో ఉన్న పొరలన్నీ ఒకే కాలానివి కావు కనుక, ఒక్క అంకె మొత్తం కథకు సరిపోదని కూడా గ్రహించాలి.

ఇటువంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో అరుదు. తమిళనాడులోని తేరి ఇసుకలు, శ్రీలంక తీరపు ఎర్ర ఇసుకలు వీటికి జ్ఞాతులు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేరాయి.

చరిత్రకు చేయూత

సముద్రమట్టపు కథ మనుషుల కథకు కూడా దారి చూపుతుంది. కళింగపట్నానికి కొంత ఎగువన, వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండపై బౌద్ధస్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. 1919లో ఈ స్థలాన్ని లోకం దృష్టికి తెచ్చినవారు గిడుగు రామమూర్తి. వాడుకభాషకోసం, సవరల భాషకోసం జీవితాన్ని ధారపోసిన ఆ మహనీయుడు కొండమీది ఇటుకలను కూడా చదవగలిగినవాడు. శాలిహుండం భిక్షువుల కాలంలో వంశధార మొగ ఎక్కడ ఉండేది? ఓడలు ఎంతదూరం లోపలికి రాగలిగేవి? ఈ ప్రశ్నలకు స్తూపపు ఇటుకలు సమాధానం చెప్పవు. కొండకింది పొలాలలో, మొగ దగ్గరి మెరకలలో తవ్వి తీసిన బురద, ఇసుక చెప్పాలి. శాసనాలు చదివేవారు, మట్టి చదివేవారు ఒకరికొకరు తోడైనప్పుడే కళింగతీరపు ప్రాచీన చరిత్ర పూర్తవుతుంది.

నేటి అవసరం

పాత సముద్రాన్ని గురించిన ఈ విచారణ కేవలం పండితుల వినోదం కాదు. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని, 2006-2018 నడుమ ఆ వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకు చేరిందని వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం 2021 నివేదికలో తెలిపింది. మంచుయుగం ముగిసిన నాటి సగటు తొమ్మిది మిల్లీమీటర్లతో పోలిస్తే ఇది తక్కువగా కనిపించవచ్చును. కాని ఆనాడు తీరాన్ని సముద్రం ముంచినప్పుడు మనుషులు తమ కొద్దిపాటి సామాను ఎత్తుకొని లోపలికి నడిచారు. నేడు ఆ తీరాన మత్స్యకారుల పల్లెలున్నాయి, రేవులున్నాయి, ఉప్పుమడులున్నాయి, ఉద్దానం తోటలున్నాయి. వాటిని ఎత్తుకొని నడవడం సాధ్యం కాదు.

ఏ మెరక తుపాను అలకు అడ్డు నిలుస్తుంది? ఏ పల్లంలోకి ఉప్పునీరు మొదట వస్తుంది? ఒకప్పుడు సముద్రం ఎంతవరకు వచ్చింది? వీటికి సమాధానం నేలలోనే ఉన్నది. అయితే ఆ నేల చెదిరిపోతున్నది. ఇసుకకోసం మెరకలను తవ్వుతున్నారు. ఇళ్ళ స్థలాలకోసం దిబ్బలను చదును చేస్తున్నారు. బీలలను పూడ్చవచ్చునని భావించినవారూ ఉన్నారు. సోంపేట బీలలో విద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పుడు అక్కడి రైతులు, మత్స్యకారులు దానిని ఎదిరించారు. 2010 జులైలో ఆ ఉద్యమం కాల్పులకు, ప్రాణనష్టానికి దారితీసింది. వారు పోరాడినది తమ నీటికోసం, తిండికోసం. తెలియకుండానే వారు వేల ఏండ్ల సముద్ర చరిత్ర దాగిన బురదను కూడా కాపాడారు.

తగులబడిన గ్రంథానికి మరొక ప్రతి దొరకవచ్చును. ఒక లారీ ఇసుకతో వెళ్ళిపోయిన పొరకు మరొక ప్రతి లేదు. ఒకసారి ఎండ తగిలిన ఇసుకరేణువు తన వయసును మళ్ళీ చెప్పలేదు. చెలియలికట్ట కదులుతుందని ప్రాచీనులకు తెలియదు. నేటివారికి తెలుసు. తెలిసినవారి బాధ్యత తెలియనివారి బాధ్యతకన్నా పెద్దది.

కఠిన పదాలకు అర్థాలు

చెలియలికట్ట = సముద్రపు హద్దు, తీరం
మొగ = నది సముద్రంలో కలిసే చోటు
గెడ్డ = చిన్న ఏరు
మెరక = ఎత్తయిన నేల
పోటు, పాటు = సముద్రపు నీరు పెరగడం, తగ్గడం
జ్ఞాతులు = ఒకే వంశానికి చెందినవారు

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. పాత సముద్రమట్టాలను తెలిపే భూస్వరూపాలను వివరించండి.
2. కార్బన్-14 పద్ధతికి, కాంతి పద్ధతికి గల భేదాలను తెలపండి.

II. క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. తీరరేఖ జరగడానికి, సముద్రమట్టం మారడానికి గల తేడా ఏమిటి?
2. ఎర్రమట్టి దిబ్బలకు ఆ రంగు ఎలా వచ్చింది?
3. మోనజైటు ఉన్న ఇసుకపొర వయసును నిర్ణయించడంలో ఏ జాగ్రత్త అవసరం?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. గుల్ల అబద్ధం చెప్పదు.
2. తెలిసినవారి బాధ్యత తెలియనివారి బాధ్యతకన్నా పెద్దది.